అప్‌డేట్: మందులు మొదలయ్యాక మా అబ్బాయి ఒక్కచోట కూర్చోలేకపోవడం

స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బుకు రిస్పెరిడోన్ మందు వాడుతున్న మా అబ్బాయి (26) రాత్రంతా వరండాలో తిరుగుతున్నాడని, జబ్బు ముదిరిందేమోనని పోయిన నెల ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ఎందుకు తిరుగుతున్నాడో వాడినే అడగండి" అన్న సలహానే పనిచేసింది. "కాళ్లు ఊరుకోనిస్తలేవు బాపూ" అన్నాడు. హనుమకొండలో డాక్టరుకు అదే మాట చెప్పాం. జబ్బు ముదరడం కాదట, మందు వల్ల వచ్చే అకతీసియా (కాళ్లు ఊరుకోక ఒక్కచోట కూర్చోలేకపోవడం) అట. డోసు పెంచిన వారానికే మొదలైందని మా డైరీలోనే ఉంది, మాకే తట్టలేదు. డోసు తగ్గించి, ఆస్తమా లేదని కనుక్కుని, బీపీ చూసి, ఈ ఇబ్బంది తగ్గడానికి ప్రొప్రనొలాల్ అనే మందు ఇచ్చారు (ఆస్తమా ఉంటే ఇవ్వరట, బీపీ తగ్గిస్తుందట). పళ్లెం చేత పట్టుకుని నడుస్తూ తినేవాడు, మొన్న కూర్చుని తిన్నాడు. థైరాయిడ్ వల్లేమోనని చూపిస్తే అది నార్మల్. చాయ్ వల్లేమోనని మాన్పించినందుకు ఇంట్లో గొడవ తప్ప ఏమీ కాలేదు. చేతులు కొంచెం వణుకుతున్నాయి, వచ్చే విజిట్‌లో అడగాలి.