పాత సినిమాకు మసక బొమ్మే అందమా?

చిక్కడపల్లి సభ్యురాలు:
పాత తెలుగు చిత్రాలను శుభ్రపరచిన ప్రతుల్లో, పెద్ద టీవీ మీద చూస్తే నాకు తృప్తి కలగడం లేదు. దూరదర్శన్‌లోనూ, తరువాత కోఠిలో కొన్న వీసీడీల్లోనూ చూసిన మసక బొమ్మే అసలు సినిమా అనిపిస్తుంది. స్పష్టత పెరిగేసరికి అతికించిన మీసాల అంచులూ, తెర మీద గీసిన కొండలూ బయటపడి కథ మీద ధ్యాస నిలవదు. తక్కువ రిజల్యూషనే, అంటే బొమ్మలో చుక్కలు తక్కువగా ఉండడమే, మేలని నా వాదన. మీరేమంటారు?

మల్కాజిగిరి సభ్యుడు:
మీ అభిమానాన్ని కాదనను గానీ, ఆ అందాన్ని మీరు వీసీడీకి ఆపాదించడం సరికాదండీ. వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలే ఉంటాయి. అంటే మొత్తం సుమారు లక్ష. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఆ చుక్కల అంచులను ఒకదానిలో ఒకటి కలిపేసి మెత్తగా చూపేది. అదే లక్ష చుక్కలను ఎనభై లక్షలకు పైగా చుక్కలున్న ఈనాటి 4కె తెర మీద పరిస్తే మిగిలేది మెత్తదనం కాదు, గళ్ళు. 'మాయాబజార్' (1957)లో పడవ పాట వెన్నెలనే తీసుకోండి. ఆ చిత్ర ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపుకూ తెలుపుకూ మధ్య ఎన్నో ఛాయలతో దాన్ని మలిచారు. వీసీడీలా తక్కువ డేటాలో కుదించిన ప్రతిలో ఆ ఛాయలు మొదట పోతాయి, చీకటి భాగాలు చదరాలుగా విరిగిపోతాయి. ఆనాడు థియేటర్లో ఫిల్ము మీద చూసినవారికి ఈ మసక తెలియనే తెలియదు. ఇది మన తరానికి టీవీ ఇచ్చిన జ్ఞాపకం మాత్రమే.

చిక్కడపల్లి సభ్యురాలు:
ట్యూబు సంగతి ఒప్పుకుంటాను. కానీ కొత్త ప్రతుల్లో ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా ఉంటున్నాయి. పైగా వెడల్పు తెరకు సరిపెట్టడానికి పాత్రల తలలు కోసేస్తున్నారు. నా వీసీడీలో బొమ్మ నిండుగా ఉంది.

మల్కాజిగిరి సభ్యుడు:
ఇక్కడ నేను పూర్తిగా మీ పక్షమే. ఆ కాలపు ఫ్రేము దాదాపు చదరానికి దగ్గరగా ఉండేది కాబట్టి, దాన్ని ఈనాటి టీవీల వెడల్పు కొలత 16:9కి కోస్తే బొమ్మలో సుమారు నాలుగో వంతు పోతుంది. ఫిల్ము మీద సహజంగా ఉండే రేణువులను మురికి అనుకుని తుడిచేస్తే చర్మపు గరుకుదనం కూడా దాంతోపాటే పోతుంది. ఇవి స్పష్టత తెచ్చిన లోపాలు కావు, పనిచేసినవారి నిర్ణయాలు. రంగులద్దడమూ అలాంటిదే: 2010లో 'మాయాబజార్' రంగుల్లో విడుదలైనప్పుడు కొత్త ప్రేక్షకులు వచ్చిన మాట నిజమే అయినా, నాకు మాత్రం బార్ట్‌లీ వెలుగునీడలే కావాలి. మసకే మేలని మనం అంటూపోతే, నెగటివు (కెమెరాలో తీసిన అసలు ఫిల్ము) పాడైపోకముందే ఫ్రేము కోయకుండా, రేణువులు తుడవకుండా మంచి స్కాను చేయించమని హక్కుదారులను అడిగేవారే ఉండరు. అలాంటి ప్రతి వచ్చేవరకు మీ వీసీడీని భద్రంగా ఉంచండి. వీలైతే అందులోని ఒక సన్నివేశాన్ని కోసిన ప్రతి పక్కన పెట్టి ఇక్కడ చూపండి. ఎంత బొమ్మ పోయిందో అందరికీ తెలుస్తుంది.