హ్యూస్టన్ వస్తున్నాం ఆగస్టులో, ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ. ఆయిల్ అండ్ గ్యాస్‌లో పద్నాలుగేళ్ల నుంచి చేస్తున్నాను, ఇప్పుడు కంపెనీ వాళ్లు ఎల్1 (కంపెనీ బదిలీ వీసా) మీద హ్యూస్టన్ పంపిస్తున్నారు, ఆగస్టు మొదటి వారంలో దిగాలి. ఆఫీసు ఎనర్జీ కారిడార్‌లో, అంటే హ్యూస్టన్‌కి పడమర ఆయిల్ కంపెనీలుండే ఏరియాలో. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప. మా కజిన్ హ్యూస్టన్‌కి దక్షిణాన పియర్‌ల్యాండ్‌లో ఉంటాడు, మీనాక్షి గుడి దగ్గర, మన ఊళ్లో ఉన్నట్టే ఉంటది ఇటే వచ్చెయ్యండి అంటాడు. ఆఫీసులో అందరూ పడమటి శివారు కేటీ అంటున్నారు, స్కూళ్లు బాగుంటాయంట. ఇంకొకాయనేమో కేటీ మునుగుద్ది అని భయపెడుతున్నాడు. 96 తుఫాను చూసినోళ్లమండి, గాలీ వానా అంటే మరీ బెదిరిపోం, కానీ పోయి పోయి అక్కడ కొన్న సామానంతా నీళ్లపాలు చేసుకోవడం దేనికని అడుగుతున్నాను. ఇంకోటి, మా ఆవిడ ఇక్కడ బ్యాంకులో చేస్తోంది, అక్కడికొచ్చి ఇంట్లో కూర్చోమంటే తన వల్ల కాదంటోంది. దీని గురించి కూడా ఎవరైనా చెప్పండి.

బయూ_బాబాయ్:
మాది అమలాపురం దగ్గరండి, 96 నాకూ తెలుసు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. మన దగ్గర గోదారికి గట్టుంటది, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది అని చెప్తా ఉంటారు, ఏటి వైపు చూసి మనం సర్దుకుంటాం. ఇక్కడ ఏరు కనపడదు. అంతా బల్లపరుపు, కింద బంకమట్టి, పైన కాంక్రీటు, పడిన వానకి పోవడానికి దారి లేక ఉన్నచోటే లేస్తది. నేను 2014లో కేటీ దక్షిణం వైపు ఇల్లు కొన్నా, ఫ్లడ్ జోన్ కాదని కాగితం మీద ఉంది. ఇంటికి తూర్పున పెద్ద చిట్టడివి, జింకలు తిరుగుతుంటాయి, సాయంత్రం వాకింగ్‌కి బ్రహ్మాండంగా ఉందనుకున్నా. అది అడివి కాదు, బార్కర్ రిజర్వాయర్. 1940ల్లో డౌన్‌టౌన్‌ని వరద నుంచి కాపాడటానికి కట్టారు, మామూలప్పుడు ఎండిపోయి ఉంటది, పెద్ద వానొస్తే నిండుద్ది. పక్కన అడిక్స్ అని ఇంకోటి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు నాలుగు రోజులు వాన కొడితే నీళ్లు వెనక్కి ఎక్కి మా వీధిలోకి వచ్చాయి, వాన తెరిపిచ్చిన తర్వాత కూడా పెరుగుతూనే ఉన్నాయి, పడవలో బయటపడ్డాం. గేట్లు తెరిస్తే కిందున్న ఎనర్జీ కారిడార్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అంటే మీ ఆఫీసు పక్కనే అన్నమాట.

కేటీ వద్దని కాదు, కేటీ అంటే ఒక ఊరు కాదు, పెద్ద మైదానం, ఒక వీధి మునిగితే పక్క వీధి పొడిగా ఉంటది. 2022 నుంచి టెక్సాస్‌లో అద్దెకిచ్చేవాళ్లు ఇల్లు ఫ్లడ్ ప్లెయిన్‌లో ఉందా, గత ఐదేళ్లలో మునిగిందా అనేది రాసివ్వాలి. కానీ లెక్క చూసుకోండి, హార్వీ ఐదేళ్లు దాటిపోయింది, ఆ కాగితంలో రాదు. కాబట్టి నోటితో అడగండి, 2017లో నీళ్లొచ్చాయా అని, లీజింగ్ ఆఫీసులో తెలీదంటే పార్కింగ్‌లో పాతకాపు ఎవరైనా కనపడితే వాళ్లనడగండి. మొదటి ఏడాది సెకండ్ ఫ్లోర్ అపార్ట్‌మెంటే తీసుకోండి, ఇల్లు సంగతి తర్వాత. మామూలు రెంటర్స్ ఇన్సూరెన్సులో వరద రాదు, ఫ్లడ్ పాలసీ వేరే, అదీ కట్టిన ముప్పై రోజులకి గానీ అమలవ్వదు, మీరొచ్చేది హరికేన్ సీజన్ నడిమధ్యలో.

పియర్‌ల్యాండ్ మాత్రం మర్చిపోండి. గుడికి ఆదివారం వెళ్తారు, ఆఫీసుకి ఐదు రోజులు, బెల్ట్‌వే (రింగ్ రోడ్డు) చుట్టి రావాలి.

ఉప్పాడ_జరీ:
మీ ఆవిడగారికి ముందు ఈ ముక్క చెప్పండి, ఎల్1 వాళ్ల భార్యకి ఇప్పుడు వేరే వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూడక్కర్లేదు, ఐ94లో (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు) ఎల్2ఎస్ అని పడితే చాలు, అది పడిందో లేదో దిగిన వెంటనే ఆన్‌లైన్‌లో చూసుకోమనండి. అసలు ఇబ్బంది డ్రైవింగండి. నేను 2022లో వచ్చా, మూడు నెలలు ఇంట్లోంచి కదల్లేదు, కిటికీలోంచి కూరగాయల షాపు కనపడుతుంటది, మధ్యలో ఆరు లేన్ల రోడ్డు, ఎండేమో మన రోహిణీ కార్తె, పైగా ఉక్క. ఆయనొచ్చేదాకా పాలప్యాకెట్టు కూడా లేదు. ఇండియా లైసెన్సు ఇచ్చి మార్చుకోవడం కుదరదు, రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ ఉంటాయి, అపాయింట్‌మెంట్లు తొందరగా దొరకవు, వచ్చిన వారంలోనే ఇద్దరికీ పెట్టేసుకోండి. కాకినాడలో ఉండగానే ఆవిడగారు కారు బాగా నేర్చుకుంటే ఇంకా మంచిది.

పాప స్కూలుకి లీజు కాగితం, టీకాల కార్డు అడుగుతారు. హెపటైటిస్ ఏ రెండు డోసులు వేయించారా? మా అబ్బాయికి ఇక్కడికొచ్చాక తెలిసింది, అక్కడే మొదలెట్టేయండి.

కేటీ అంటే అంతా మనవాళ్లే అనుకుంటారు గానీ మా పక్కింటామె వెనిజులా, ఆ దేశం వాళ్లు ఎక్కువై కేటీజులా అని పిలుస్తారు సరదాకి. నాకు ఇంగ్లీషు కంటే ముందు ఆమె స్పానిష్ వచ్చింది.

నల్లగొండ_నవాబు:
అందరు కేటీ కేటీ అంటున్రు, నేను ఒప్పుకోను అన్నా. ఇంత దూరమొచ్చి మళ్ల అదే అపార్ట్‌మెంట్ల అదే వాట్సాప్ గ్రూపుల పొత్తుల కూర్చునుడెందుకు. నేను హిల్‌క్రాఫ్ట్ దిక్కు ఉంట, ఒక దిక్కు మహాత్మాగాంధీ డిస్ట్రిక్ట్, గోంగూర నుంచి బంగారం దాక అక్కడే, ఇంకొంచెం పోతే బెల్లైర్ రోడ్డు మీద వియత్నాం వాళ్లు. ఎండకాలం ముందు క్రాఫిష్ (రొయ్య లెక్క ఉంటది) సీజనుంటది, వెల్లుల్లి వెన్నల వండుతరు, గోదారోళ్లు రొయ్యలు మర్చిపోతరు.

కరెంటు సంగతి ఎవ్వరు చెప్పలే. ఇక్కడ కంపెనీ మనమే ఏరుకోవాలె, పవర్ టు చూజ్ సైట్ల చూస్కో. పైన చిన్న రేటు చూపిస్తరు, 1000 యూనిట్లు దాటితే క్రెడిట్, అంటే బిల్లుల తగ్గింపు అంటరు, నువ్వు 990 కాడ ఆగితే ఒక్క పైస రాదు, బిల్లు పేలిపోతది. లోపలి కాగితం చదువు. కరెంటు పోతదని కూడ తెల్సుకో, 2024 జులైల బెరిల్ తుఫాను వచ్చినప్పుడు ఇరవై లక్షల కనెక్షన్లు పైనే పోయినయ్, మాకు ఆరో రోజు వచ్చింది. ఏసీ లేకుంట ఆరు రోజులు అన్నా.

బయూ_బాబాయ్:
నవాబు గారూ, క్రాఫిష్ గురించి మీతో గొడవ లేదు. కానీ చిన్నపిల్లున్నోళ్లు, స్కూలు చూసుకోవాలి కదా, బ్యాచిలర్ లెక్క చెప్పకండి.

నల్లగొండ_నవాబు:
నాకు ఇద్దరు పిల్లలే బాబాయ్. ఇక్కడి స్కూల్లనే సదువుతున్రు, మంచిగనే ఉన్నరు.

గోదారి_గట్టు:
అందరికీ చాలా థాంక్సండి. మా ఆవిడ ఇవన్నీ చదివి రేపట్నుంచి డ్రైవింగ్ స్కూలుకి వెళ్తానంది, పాపని సోమవారం టీకాకి తీసుకెళ్తున్నాం. ఆఫీసు రిలొకేషన్ వాళ్లకి పార్కర్‌లు, రిజర్వాయర్‌లు అని మెయిల్ పెడితే వింతగా చూస్తున్నారు, అదేలెండి, బార్కర్. ఒక చిన్న డౌటు, సెకండ్ ఫ్లోర్ అన్నారు కదా, అక్కడ సెకండ్ అంటే మన ఫస్ట్ ఫ్లోరేనా?

బయూ_బాబాయ్:
అవునండి, మన మొదటి అంతస్తే. నీళ్లకి ఇంకా పైకి పోదామని థర్డ్ మాత్రం తీసుకోకండి, చాలాచోట్ల లిఫ్టుండదు, బియ్యం బస్తా మీరే మొయ్యాలి.