ఇంజన్ వేడెక్కాక సెల్ఫ్ తీసుకోని కారు: లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
మాది పాత పెట్రోలు కారు, మాన్యువల్ గేర్లది. ఉదయం పూట ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. విజయవాడ ఎండలో గంటసేపు తిరిగి, ఎక్కడైనా ఆపి మళ్లీ తాళం తిప్పితే మాత్రం అప్పుడప్పుడు బానెట్ కింద ‘టక్’ మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంటుంది. కాసేపు ఆగితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. షెడ్డుకు తీసుకువెళ్లినప్పుడు లోపం కనిపించదు కనుక మెకానిక్ అంచనాతో బ్యాటరీ మార్పించారు, ఫలితం లేదు. ఇప్పుడు ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే కారును స్టార్ట్ కానివ్వని దొంగతన నిరోధక పరికరం) అంటున్నారు, దానికి బాగా ఖర్చవుతుందట. ముందుగా ఏం పరీక్షించాలి?

సమాధానం 1:
ఇమ్మొబిలైజర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది అడ్డుకుంటే, కారును బట్టి, సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోదు, లేదా సెల్ఫ్ దగ్గర చప్పుడే ఉండదు. క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే పరికరం) వేడికి మొరాయించినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. అందుచేత ఆ ‘టక్’ ఫ్యూజు పెట్టెలోని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) నుంచి వస్తున్న చిన్న చప్పుడా, సెల్ఫ్ మోటారు మీది సోలెనాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి) నుంచి వస్తున్న బరువైన చప్పుడా అన్నది ఒకరిని బానెట్ దగ్గర నిలబెట్టి తేల్చుకోండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి.

సమాధానం 2:
లోపం వచ్చిన క్షణంలోనే హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. వెలుగు బాగా తగ్గిపోతే బ్యాటరీ బలహీనంగా ఉందని, లేదా టెర్మినళ్ల దగ్గర పట్టు సరిగా లేదని, లేదా సెల్ఫ్ మోటారే బిగుసుకుపోయిందని అనుమానించాలి. వెలుగు తగ్గకపోతే మోటారులోకి కరెంటు వెళ్లడమే లేదు. అంటే సోలెనాయిడ్ కాంటాక్టులు, బ్రష్షులు, ఎర్త్ పట్టీ (ఇంజన్‌ను బ్యాటరీ నెగటివ్‌కు కలిపేది), లేదా సోలెనాయిడ్‌కు వచ్చే సన్నని వైరు. సోలెనాయిడ్‌లోని రాగి చుట్ట నిరోధం ప్రతి డిగ్రీ వేడికి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చిన తక్కువ వోల్టేజీ వేడిలో చాలదు. మీ ఎండలకు ఇది సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న వేసినవారు:
నిన్న లోపం వచ్చినప్పుడు పరీక్షించాను. చప్పుడు సోలెనాయిడ్‌దే, లైట్లు తగ్గలేదు. తాళం తిప్పి పట్టుకుని ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో చూస్తే బ్యాటరీ మీద 12.4, సోలెనాయిడ్ సన్నని వైరు మీద 9.1 వోల్టులు ఉన్నాయి. ఎర్త్ వైపు వోల్టేజీ నష్టం దాదాపు లేదు.

సమాధానం 2:
అయితే ఇమ్మొబిలైజర్‌కు డబ్బు పెట్టనక్కరలేదు. బ్యాటరీ నుంచి సోలెనాయిడ్‌కు వచ్చేలోగా 3.3 వోల్టులు దారిలోనే పోతున్నాయి. సెల్ఫ్ మోటారు విప్పకుండా, ఇగ్నిషన్ స్విచ్చి, రిలే, కొన్ని కార్లలో ఉండే క్లచ్ స్విచ్చి, వాటి కనెక్టర్లు వరుసగా పరీక్షించమనండి. మీటరు రెండు కొసలను ఒక్కో భాగానికి రెండు పక్కలా ఉంచి, ఎవరైనా తాళం తిప్పి పట్టుకుంటే, ఎక్కువ వోల్టేజీ చూపించేదే దోషి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే ఇది చేయాలి. రిలే అరిగిపోయి ఉంటే దాన్ని మార్చడం చాలా చవక. అందుకే ముందు దాన్నే చూడమంటాను.