అప్‌డేట్: అమ్మ పాత ట్యాబ్ మళ్ళీ దారిలో పడింది

మొన్న అడిగాను కదా, సిస్టమ్ అప్‌డేట్ అయ్యాక అమ్మ ట్యాబ్ (2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్) నత్తనడక నడుస్తోందని, కీబోర్డులో అక్షరం నొక్కితే కాసేపటికి గానీ పడట్లేదని. ఇప్పుడు చాలా నయం అండి. అసలు గొడవంతా స్టోరేజ్ దగ్గరే, కొత్త సిస్టమ్ ఇంకొంచెం చోటు తినేసింది, మిగిలిందంతా వాట్సాప్ వీడియోలే, ఫ్లాష్ మెమరీ (ట్యాబ్‌లోని స్టోరేజ్ చిప్) నిండిపోతే కొత్తది రాయాలన్నా ముందు పాతవి సర్ది ఖాళీ చేసుకోవాలి కాబట్టి ప్రతి పనీ ఆగి ఆగి అవుతుంది. అందుకే ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఫ్యాక్టరీ రీసెట్ (ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిపేసి కొత్తదానిలా చేయడం) కొట్టా. డెవలపర్ ఆప్షన్స్‌లో (సెట్టింగ్స్‌లో దాగి ఉండే మెనూ) యానిమేషన్ స్కేల్స్, అంటే స్క్రీన్ కదలికలు ఎంతసేపు ఉండాలో చెప్పేవి, మూడూ 0.5కి తగ్గించా, దానివల్ల నిజంగా స్పీడ్ పెరగదు గానీ స్క్రీన్లు చకచకా మారతాయి, అమ్మకి అదే బాగా నచ్చింది. రీసెట్ చేసిన రోజు ఇంకా స్లోగానే ఉంటుంది, యాప్స్ వెనకాల సెటప్ అవుతుంటాయి, కంగారు పడకుండా రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయండి. రెండు పెద్ద యాప్స్ తెరిస్తే మాత్రం మొదటిది ఇప్పటికీ మూసుకుపోతోంది, 2 జీబీ ర్యామ్‌తో అది తప్పదు. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళమన్నారు కొందరు, కానీ ట్యాబ్‌లో బ్యాంక్ యాప్ ఉంది కాబట్టి సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్లు) పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ కూడా ఆపేశా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.