సమస్య: శాంక్షనే వరమై తుద శాపమయ్యె

పృచ్ఛకుడు: నిన్న మా అమ్మాయి ఇంగ్లీషు పేపర్లోని ‘శాంక్షన్స్ ఆన్ ఇరాన్’ అనే మాటను ‘ఇరాన్‌కు మంజూర్లు’ అని తెలుగు చేసింది. అక్కడ ఆంక్షలని అర్థం, అయినా తప్పు పట్టలేకపోయాను. లోన్ శాంక్షన్, పోస్టు శాంక్షన్ వింటూ పెరిగిన పిల్ల. ఆ మాటే సమస్యగా ఇస్తున్నాను: పై పాదం చివర వచ్చేలా, మాటలోని రెండర్థాలూ పలికేలా పద్యం పూరించండి. ఛందస్సు తేటగీతి. ఇంటి యజమాని, ఆఫీసరు, దేశం, ఎవరినైనా తీసుకోండి.

గోదారిగట్టు:
ఇంటి ఋణమని తిరిగితి నెన్నొ నెలలు
చేతి కందెను కాగితం, చిందు లేస్తి
నెలకు ముప్పది వేలట, నిలువు దోపు!
శాంక్షనే వరమై తుద శాపమయ్యె

పృచ్ఛకుడు: ‘నిలువు దోపు’ భేష్. యతులూ కుదిరాయి. కానీ రెండు చోట్లా శాంక్షన్ అంటే మంజూరే. శాపం ఈఎంఐది, మాటది కాదు.

కందగడ్డ:
ఫైలు పై సంతకమునకు పైస లడిగె
ఏసిబీ వల పన్నిన దెఱుగ డయ్యె
కేసు కనుమతి సర్కారు కినిసి యిచ్చె
శాంక్షనే వరమై తుద శాపమయ్యె

పృచ్ఛకుడు: ఇది గట్టి పట్టు! 1988 అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి మీద కేసు నడవాలంటే ముందు శాంక్షన్ కావాలి. బిల్లులు శాంక్షన్ చేసిన చేతికి అదే మాట సంకెలయింది. అర్థం మాత్రం ఇక్కడా అనుమతే.

సాయంకాలం:
పోఖరానున బాంబుకు పూని ఢిల్లి
ఒప్పుకొన్నది, దేశమే యుబ్బిపోయె
అమెరికా కోప మాంక్షలై యడ్డు నిలిచె
శాంక్షనే వరమై తుద శాపమయ్యె

పృచ్ఛకుడు: ఇదీ నేను కోరుకున్నది! పోఖరాన్ అణుపరీక్షలకు ఢిల్లీ అనుమతి ఒక శాంక్షన్, 1998 మే 13న అమెరికా ప్రకటించినవి ఇంకో శాంక్షన్స్. పైగా ‘శాంక్ష’లో ‘ఆంక్ష’ దాక్కుని ఉందని మూడో పాదం చూశాకే గమనించాను.

గోదారిగట్టు: చిన్న పేచీ. ఆంక్షల అర్థంలో ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా బహువచనమే వాడతారు. 2001 సెప్టెంబరులో వాటిని చాలావరకు ఎత్తేశారు కూడా. మరి ‘తుద’ ఎలా కుదురుతుంది?

సాయంకాలం: ‘తుద’ మాస్టారిచ్చిన పాదంలోదే కదండీ, నన్నంటే ఎలా? అసలు ఒకే మాటకు ఈ రెండు ముఖాలు ఎలా వచ్చాయి మాస్టారూ?

పృచ్ఛకుడు: లాటిన్‌లో దాని మూలానికి శాసించి పవిత్రం చేయడమని అర్థం, సెయింట్ కూడా ఆ ఇంటి పిల్లే. శాసనం ఒకదానికి ఒప్పుదల ఇస్తుంది, మీరితే శిక్షా చెబుతుంది. మనకూ ఉంది చూడండి: శాసనం, శాస్తి ఒకే ధాతువు బిడ్డలు. రాజు శాసనంతో అగ్రహారం ఇస్తాడు, తప్పు చేసినవాడికి శాస్తి చేస్తాడు. మనం రెండు మాటలుగా విడదీసుకున్నాం, వాళ్ళు ఒక్కదాంతోనే సరిపెట్టుకున్నారు.

కందగడ్డ: ఇదే కందంలో ప్రయత్నిస్తున్నా. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి కదా, ఆ ప్రాసకు శాంక్ష, ఆంక్ష, కాంక్ష దొరికాయి. నాలుగోది ధ్వాంక్షం, అంటే కాకి. బ్యాంకులోకి కాకిని ఎలా తేవాలో తోచడం లేదు.