ట్రీట్‌మెంట్ అయిపోయినా తమ్ముడికి భయం పోలేదు, ఆన్‌లైన్‌లో తోడు దొరుకుతుందా?

నమస్తే అండి. మాది వరంగల్. తమ్ముడికి 20 ఏళ్లు. ఇంటర్ సెకండియర్‌లో ఉండగా బ్లడ్ క్యాన్సర్ వచ్చింది, ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకం. కీమో, మెయింటెనెన్స్ మాత్రలు అన్నీ కలిపి రెండున్నరేళ్లు నడిచాయి. మందులు ఆపి 8 నెలలైంది. రిపోర్టులన్నీ నార్మలే.

మనిషే నార్మల్‌గా లేడు. సీబీపీ (రక్తకణాల లెక్క చూసే) టెస్టుకు వారం ముందు నుంచీ నిద్ర ఉండదు. మొన్న అర్ధరాత్రి లేచి చూస్తే బాత్రూం అద్దం ముందు నిలబడి మెడ తడుముకుంటున్నాడు, గడ్డలేమైనా ఉన్నాయేమోనని. దిండు కింద థర్మామీటర్. తోటివాళ్లు బీటెక్ థర్డియర్, వీడు ఫస్టియర్. క్లాసులో ఎవరికీ చెప్పలేదు.

అమ్మ దగ్గర నోరు విప్పడు, ఫోన్ మాత్రం వదలడు. అందుకే ఆ ఫోన్‌లోనే ఏదైనా దారి ఉందా అని అడుగుతున్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించాను. ఉచితమే, తెలుగులోనే మాట్లాడారు, ఆ రాత్రికి కుదుటపడ్డాడు. కానీ వాడికి కావాల్సింది ఇదంతా దాటొచ్చిన తన ఈడువాళ్లు. ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాను గానీ అందులో అందరూ చిన్నపిల్లల తల్లిదండ్రులే, పైగా బొప్పాయి ఆకు రసం ఫార్వర్డులు. రెండో రోజే బయటికొచ్చేశాడు (వాడి తప్పేం లేదు).

18–25 ఏళ్ల వాళ్ల కోసం తెలుగులో ఆన్‌లైన్ గ్రూపు గానీ, వీడియో కాల్‌లో ప్రతిసారీ ఒకే కౌన్సెలర్ మాట్లాడే చోటు గానీ తెలుసా? మీరో మీ ఇంట్లోవాళ్లో వాడి చూసినదైతేనే చెప్పండి, గూగుల్‌లో కనిపించేవి నేనూ చూశాను. ఇంకోటి, కీమోలో డాక్సోరూబిసిన్ అనే మందు ఎక్కించారు కాబట్టి అప్పుడప్పుడూ గుండెకు ఎకో స్కాన్ తీయించాలన్నారు. ఈ తేదీలు, రిపోర్టులు వాడికి టెన్షన్ పెట్టకుండా ఫోన్‌లో ఎలా దాచుకుంటున్నారు?