సొంత జాగ లేని క్లబ్బుకు గ్రాంటు ఇవ్వాలంటే రిజిస్టర్డ్ లీజు అడగాలా?

పాలమూరు వాలీబాల్:
ప్రభుత్వ సొమ్ముతో కోర్టు, షెడ్డు, లైట్లు కావాలంటే క్లబ్బు ముందు పదేళ్ల రిజిస్టర్డ్ లీజు చూపించాలని ఇక్కడ చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. మా ఊళ్లలో క్లబ్బంటే సాయంత్రం పోగయ్యే పిల్లలు, ఒక పీఈటీ సారు, రెండు కట్టెలకు కట్టిన నెట్టు. జాగ ఎవరో నోటిమాట మీద ఇచ్చింది. ఆయన్ని పదేళ్లకు సంతకం పెట్టమంటే భయపడి ఉన్న జాగ కూడా ఖాళీ చేయమంటాడు. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ మూడేసి మీటర్లు వదిలినా మొత్తం మూడున్నర గుంటలే. ఈ షరతు పెడితే గ్రాంటు టౌన్ల దగ్గరే ఆగిపోతుంది.

దేవరకొండ దస్తావేజు:
అన్నా, మీ బాధ నిజమే. కానీ షరతే వద్దంటే ఎట్లా? మా పక్క ఊళ్లో దాతల డబ్బుతో కబడ్డీ షెడ్డు వేశారు. ఆసామి పోయాక కొడుకులు భూమి పంచుకున్నారు. ఇప్పుడు ఆ షెడ్డులో పత్తి బోరాలున్నాయి, గోడ మీద టీముల పేర్లు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. క్లబ్బు చేతిలో ఉన్నది 11 నెలల అగ్రిమెంటు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చుకు భయపడే అందరూ 11 నెలలు రాసుకుంటారు. పోనీ పదేళ్లని తెల్లకాగితం మీద రాసుకున్నా, 49వ సెక్షన్ వల్ల ఆ పదేళ్ల హక్కుకు అది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు.

అసైన్డ్ భూమి, అంటే సర్కారు పేదలకిచ్చిన భూమి, సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 1977 చట్టం ఆ భూముల అమ్మకాన్నే కాదు, లీజును కూడా నిషేధించింది. లీజు రిజిస్ట్రేషన్‌కు పోతే ఆ భూమి రిజిస్టర్ చేయకూడని నిషేధిత జాబితాలో ఉందని అక్కడే తెలిసిపోతుంది. షెడ్డు కట్టాక తెలిస్తే ఆ డబ్బు ఎవరిస్తారు?

మిర్యాలగూడ కోచ్:
మీరిద్దరూ పట్టా భూముల గురించే మాట్లాడుతున్నారు. మేం ఆడేది సర్కారు బడి గ్రౌండులో. హెచ్ఎం మంచివారైతే గేటు తెరుస్తారు, ఆయన బదిలీ అయితే తాళం పడుతుంది. అక్కడ మాకు లీజు రాసిచ్చేదెవరు? ప్రైవేటు ఆసామిని అడిగే ముందు ప్రభుత్వం తన గ్రౌండ్లను క్లబ్బులకు రాతపూర్వకంగా ఇవ్వాలి. 2022లో మొదలైన క్రీడా ప్రాంగణాలు ఊరూరా ఉన్నాయి కదా, అక్కడ పంచాయతీ తీర్మానమే సరిపోవాలి. మ్యాట్లు, నెట్లు, పోల్స్ లాంటి వాటికైతే లీజే అక్కర్లేదు, క్లబ్బు సొసైటీగా రిజిస్టర్ అయితే చాలు. పక్కా కట్టడానికి మాత్రం లీజు అడగండి, తప్పులేదు.

పాలమూరు వాలీబాల్:
మ్యాట్ల వరకు సరే కోచ్ గారూ. మరి లైట్లు? ఎండాకాలం పొద్దు గూకేదాకా గ్రౌండులో నిలబడలేం, చీకటి పడితే బంతి కనబడదు. మాకు లైట్లుంటేనే ఆట. వాటినీ పక్కా కట్టడంలో వేస్తే మేం మళ్లీ బయటే.

దేవరకొండ దస్తావేజు:
లైట్ల స్తంభాలను బోల్టులతో బిగించండన్నా, విప్పుకోవచ్చు. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటులో వేరే రాసుకోకపోతే, జాగ తన స్వాధీనంలో ఉన్నంతకాలం కౌలుదారు తాను బిగించినవి తీసుకుపోవచ్చు. నేల మాత్రం మునుపటిలా అప్పగించాలి. అయినా ఆ మాట 11 నెలల కాగితంలోనే రాయించుకోండి, ఆసామితో పాటు కొడుకుల సంతకాలూ తీసుకోండి. లైట్లకు అంత చాలని నేనూ ఒప్పుకుంటాను. షెడ్డుకు మాత్రం ఒప్పుకోను.